చివరి జీతం - పింఛను: తెలుగు ప్రాంతాల ఉపాధ్యాయుల పదవీ విరమణ వేతన చరిత్ర

వ్యాససంగ్రహం

ఉపాధ్యాయుని పింఛను అతని చివరి జీతంలో సగం అనే మాట నేడు సర్వసాధారణంగా వినిపిస్తుంది. అయితే ఈ సూత్రం మొదటి నుంచీ ఉన్నది కాదు, అందరికీ వర్తించేదీ కాదు. చివరి జీతం అంటే ఏమిటి, అది ఏ తేదీన నిర్ధారణ అవుతుంది, అందులో ఎంత భాగం పింఛనుగా మారుతుంది అనే మూడు ప్రశ్నల చుట్టూ నూరేళ్లకు పైగా నిబంధనలు, ఉత్తర్వులు, న్యాయస్థానాల తీర్పులు నడిచాయి. తెలుగు ప్రాంతాల ఉపాధ్యాయుల అనుభవాన్ని కేంద్రంగా చేసుకొని ఆ పరిణామాన్ని పరిశీలించడం, 2004 తరువాత చివరి జీతానికీ పింఛనుకూ మధ్య బంధం తెగిపోవడం వల్ల కలిగిన మార్పును నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పింఛను, చివరి జీతం, మూలవేతనం, అర్హ సేవాకాలం, వేతన సవరణ, పదవీ విరమణ వయస్సు, కాంట్రిబ్యూటరీ పింఛను పథకం.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాలలో పాత పింఛను విధానం కిందికి వచ్చే ఉపాధ్యాయుని పింఛనును నిర్ణయించే సూత్రం చూడడానికి చాలా చిన్నది. చివరగా పొందిన మూలవేతనాన్ని అర్హ సేవాకాలంలోని అర్ధ సంవత్సరాల సంఖ్యతో హెచ్చించి, 66తో భాగించి, వచ్చినదానిలో సగం తీసుకుంటారు. 33 సంవత్సరాల సేవ అంటే 66 అర్ధ సంవత్సరాలు. కనుక పూర్తి సేవ చేసినవారికి చివరి మూలవేతనంలో సరిగ్గా సగం లభిస్తుంది. నిబంధనలు అనుమతించిన మేరకు వెయిటేజీ కలిస్తే కొంత తక్కువ సేవ ఉన్నవారికీ ఆ మొత్తమే అందవచ్చు.

ఉదాహరణకు చివరి మూలవేతనం 80,000 రూపాయలు అనుకుందాం. 33 ఏళ్ల అర్హ సేవ ఉన్న ఉపాధ్యాయునికి పింఛను 40,000 రూపాయలు. అదే వేతనంతో 24 ఏళ్ల సేవ మాత్రమే ఉన్నవారికి 48 అర్ధ సంవత్సరాలు లెక్కకు వచ్చి పింఛను దాదాపు 29,091 రూపాయలు అవుతుంది. అంటే సూత్రంలో ఉన్నవి రెండు చలరాశులు: కాలం, వేతనం. కాలం ముప్పై ఏళ్లపాటు నెమ్మదిగా పోగవుతుంది. వేతనం మాత్రం ఒక్క రోజున నిర్ణయమవుతుంది. ఉపాధ్యాయుల పింఛను వివాదాలలో చాలా భాగం ఈ రెండో అంశం నుంచే పుట్టాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇక్కడ జీతం అనే మాటను జాగ్రత్తగా గ్రహించాలి. ఉద్యోగి చేతికి వచ్చే మొత్తంలో మూలవేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వంటివి కలిసి ఉంటాయి. పింఛను లెక్కకు వచ్చేది ప్రధానంగా మూలవేతనమే. కరువు భత్యానికి బదులు పింఛనుపై కరువు భృతి వేరుగా చెల్లిస్తారు. ఇంటి అద్దె భత్యం పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి జీతంలో సగం అనే వాడుక మాట వాస్తవంలో మూలవేతనంలో సగం అని చదువుకోవాలి.

2. అనుగ్రహంగా పింఛను

వలస పాలనలో పింఛనుకు సంబంధించిన మౌలిక శాసనం 1871 నాటి పింఛన్ల చట్టం. ప్రభుత్వం మంజూరు చేసిన పింఛనుకు సంబంధించిన దావాలను సివిల్ న్యాయస్థానాలు సాధారణంగా విచారించరాదని ఆ చట్టం ఆంక్ష విధించింది. పింఛను ప్రభువు దయతో ఇచ్చేదే తప్ప ఉద్యోగి అడిగి తీసుకునేది కాదన్న భావన దీని వెనుక ఉంది. హైదరాబాదు సంస్థానంలో పింఛనుకు వాడిన వజీఫా అనే మాట తెలంగాణ పెద్దల వాడుకలో చాలాకాలం నిలిచింది. అక్కడా సివిల్ సర్వీసు నిబంధనలు ఉండేవి.

అయితే ఈ నిబంధనలు ప్రధానంగా ప్రభుత్వ ఉద్యోగులవి. ఉపాధ్యాయులలో అధిక సంఖ్యాకులు ప్రభుత్వ పాఠశాలల్లో కాక స్థానిక సంస్థల పాఠశాలల్లోనూ, ప్రభుత్వ సహాయం పొందే ప్రైవేటు పాఠశాలల్లోనూ పనిచేసేవారు. వీరిలో చాలామందికి ఉన్నది భవిష్యనిధి మాత్రమే. నెలనెలా తాము దాచుకున్నది, దానికి యాజమాన్యం జత చేసినది పదవీ విరమణ నాడు ఒకేసారి చేతికి వచ్చేది. ఆ మొత్తానికీ చివరి జీతానికీ నేరుగా సంబంధం లేదు. తొలి ఏళ్లలో అతి తక్కువ వేతనంపై దాచిన చిన్న మొత్తాల కూడికే అది. ధరలు పెరిగేకొద్దీ దాని విలువ కరిగిపోయేది.

మద్రాసు రాష్ట్రం 1955లో ఇటువంటి ఉపాధ్యాయుల కోసం పింఛను, భవిష్యనిధి, బీమా మూడూ కలిసిన త్రివిధ ప్రయోజన పథకాన్ని ప్రవేశపెట్టింది. అప్పటికే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఉపాధ్యాయుల పదవీ విరమణ ప్రయోజనాల విషయంలో రెండు సూత్రాలను ముందుకు తెచ్చింది. ఒకటి, వివిధ యాజమాన్యాల ఉపాధ్యాయుల మధ్య ఏకరూపత. రెండు, ప్రభుత్వ ఉద్యోగులతో సమానత. అంతవరకు త్రివిధ ప్రయోజన పథకాన్ని విస్తృతంగా అనుసరించవచ్చునని సూచించింది. చివరి జీతంతో ముడిపడిన పింఛను ఉపాధ్యాయ లోకానికి ఒక్కసారిగా దక్కలేదనీ, యాజమాన్యాన్ని బట్టి అంచెలంచెలుగా సంక్రమించిందనీ ఈ చరిత్ర చెబుతుంది.

3. అనుగ్రహం నుంచి హక్కుకు

పింఛను స్వభావాన్ని మార్చిన తీర్పు విద్యారంగం నుంచే రావడం గమనార్హం. బీహారు విద్యా సర్వీసుకు చెందిన దేవకీనందన్ ప్రసాద్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1971లో తీర్పునిస్తూ, పింఛను ప్రభుత్వ ఇష్టాయిష్టాలపై ఆధారపడిన దానం కాదనీ, నిబంధనల ప్రకారం ఉద్యోగికి సంక్రమించే హక్కు అనీ, అది ఆస్తి హక్కు కిందికి వస్తుందనీ ప్రకటించింది. 1871 చట్టం పుట్టిన సరిగ్గా నూరేళ్లకు దాని వెనుక ఉన్న భావన వీగిపోయింది.

హక్కు అని తేలిన తరువాత ఆ హక్కు పరిమాణం ఎంత అన్న ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది. పూర్వపు కేంద్ర నిబంధనల ప్రకారం పదవీ విరమణకు ముందు 36 నెలల వేతన సగటు పింఛనుకు ఆధారం. 1979 మే 25న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఉత్తర్వు దానిని 10 నెలల సగటుగా మార్చింది. సగటు వేతనంలో మొదటి 1,000 రూపాయలపై 50 శాతం, తరువాతి 500 రూపాయలపై 45 శాతం, మిగిలిన దానిపై 42.5 శాతం చొప్పున పింఛను లెక్కించే అంచెల పద్ధతిని తెచ్చింది. ఈ లెక్కన 2,000 రూపాయల సగటు వేతనంపై 937.50 రూపాయల పింఛను వస్తుంది.

సగటు కాలాన్ని తగ్గించడం వల్ల ఏం మారుతుంది? ఏటా ఇంక్రిమెంటు పొందే ఉద్యోగికి చివరి వేతనమే అత్యధిక వేతనం. ఎంత వెనక్కి వెళ్లి సగటు కడితే పింఛను అంత తగ్గుతుంది. చివరి మూడేళ్లలో మూలవేతనం వరుసగా 76,000, 78,000, 80,000 రూపాయలు అనుకుంటే 36 నెలల సగటు 78,000. దానిలో సగం 39,000. 80,000 వేతనం విరమణకు ఆరు నెలల ముందే మొదలైతే 10 నెలల సగటు 79,200, పింఛను 39,600. చివరి వేతనాన్నే తీసుకుంటే 40,000. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని దానిపై కరువు భృతి చేరుతుంది, తరువాతి ప్రతి సవరణ దానినే ఆధారంగా తీసుకుంటుంది, అది జీవితాంతం కొనసాగుతుంది.

1979 ఉత్తర్వు మరో సమస్యను సృష్టించింది. అది 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని పదవీ విరమణ చేసినవారికే వర్తించింది. ఒక్క రోజు ముందు విరమించినవారు పాత లెక్కలోనే మిగిలిపోయారు. డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఈ విభజన సమానత్వ సూత్రానికి విరుద్ధమని తీర్పునిచ్చి, ముందు విరమించినవారి పింఛనును కూడా కొత్త సూత్రం ప్రకారం తిరిగి లెక్కించాలని ఆదేశించింది. పింఛను గతంలో చేసిన సేవకు ప్రతిఫలమనీ, వృద్ధాప్యంలో సామాజిక భద్రత అనీ వివరించింది. డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా నేటికీ జరుపుకోవడానికి కారణం ఇదే. అయితే ఈ తీర్పుకు పరిమితి ఉంది. 1990లో కృష్ణ కుమార్ కేసులో సుప్రీంకోర్టు భవిష్యనిధిని ఎంచుకొని విరమించినవారు పింఛనుదారులతో ఒకే వర్గం కారని తేల్చింది. చివరి జీతంతో ముడిపడిన వ్యవస్థలో ఉన్నవారికీ, వెలుపల ఉన్నవారికీ మధ్య గీత అలాగే నిలిచింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1961 నాటి ఉదారీకృత పింఛను నిబంధనల స్థానంలో 1980 సవరించిన పింఛను నిబంధనలు వచ్చాయి. ఇవి 1979 అక్టోబరు 29 నుంచి అమలులోకి వచ్చాయి. తరువాతి సవరణలతో సగటు స్థానంలో చివరి మూలవేతనమే పింఛనుకు ప్రమాణమైంది. గ్రాట్యుటీ, కుటుంబ పింఛను సైతం చివరి వేతనంతోనే ముడిపడ్డాయి. ఈ విధంగా ఒక్క అంకె ఉపాధ్యాయునికే కాక, అతని తదనంతరం జీవిత భాగస్వామికి కూడా ఆధారమైంది.

4. 1983: ముందుగా వచ్చిన చివరి రోజు

చివరి జీతం ప్రమాణమైనప్పుడు చివరి రోజును ఎవరు నిర్ణయిస్తారన్నది కీలకం అవుతుంది. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది. అప్పటికే 55 నిండినవారు ఫిబ్రవరి 28న విరమించవలసి వచ్చింది. కె. నాగరాజ్ కేసు తీర్పు ప్రకారం 18,000 మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు, మరో 10,000 మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు దీనికి గురయ్యారు.

పింఛను దృష్టితో చూస్తే నష్టం మూడు విధాలు. మొదటిది, మూడేళ్ల జీతం. రెండవది, ఆ మూడేళ్లలో రావలసిన ఇంక్రిమెంట్లు, పదోన్నతులు చివరి వేతనంలో చేరకపోవడం. మూడవది, అర్హ సేవాకాలం ఆరు అర్ధ సంవత్సరాల మేరకు తగ్గడం. ఆలస్యంగా ఉద్యోగంలో చేరినవారికి ఈ మూడో నష్టం తీవ్రమైనది. సూత్రంలోని రెండు చలరాశులూ ఒకేసారి కుదించుకుపోయిన సందర్భం ఇది.

సుప్రీంకోర్టు 1985లో నాగరాజ్ కేసులో వయస్సు తగ్గింపు రాజ్యాంగబద్ధమేనని సమర్థించింది. ఈలోగా 1984 ఆగస్టు 23న వయస్సును తిరిగి 58కి పెంచారు. మధ్యకాలంలో విరమించినవారిని మాత్రం విడిచిపెట్టారు. 1985లోనే బి. ప్రభాకరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ విడదీతను తప్పుపట్టింది. నిర్ణీత తేదీ నాటికి 58 నిండనివారిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలనీ, నిండినవారికి 58 ఏళ్ల వరకు రావలసిన వేతనభత్యాల మేరకు, అప్పటికే పొందిన మొత్తాలు మినహాయించి, పరిహారం చెల్లించాలనీ ఆదేశించింది. నకారా తీర్పులోని తేదీ న్యాయాన్నే ఇక్కడా వేరొక రూపంలో చూడవచ్చు.

తరువాతి దశాబ్దాలలో గమనం ఎదురుదిశలో సాగింది. రాష్ట్ర విభజన సమయంలో, 2014 జూన్ 2 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయస్సు 60కి, 2022 జనవరి 1 నుంచి 62కు పెరిగింది. తెలంగాణలో 2021 మార్చి చివరి నుంచి 58 స్థానంలో 61 వచ్చింది. వయస్సు పెరిగిన ప్రతిసారీ కొనసాగినవారికి అదనపు ఇంక్రిమెంట్లతో చివరి వేతనం పెరిగింది. పెంపుకు కొద్ది రోజుల ముందు విరమించినవారికి ఆ అవకాశం దక్కలేదు. మరోవైపు కొలువు కోసం ఎదురుచూసే యువ అభ్యర్థులకు ఖాళీలు వాయిదాపడ్డాయి. ఒక తరం చివరి జీతం పెరుగుదలకు మరొక తరం తొలి జీతం ఆలస్యంగా మూల్యం చెల్లించింది.

5. ఉపాధ్యాయుని చివరి జీతం ఏర్పడే తీరు

ఉపాధ్యాయ వృత్తిలో పదోన్నతి మెట్లు తక్కువ. సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయునిగా చేరినవారు స్కూల్ అసిస్టెంటుగా, ఆపై ప్రధానోపాధ్యాయునిగా వెళ్లవచ్చు. ఖాళీలు, సీనియారిటీ వివాదాలు, సర్వీసు నిబంధనల వ్యాజ్యాల కారణంగా చేరిన హోదాలోనే విరమించినవారు అనేకులు. ఇటువంటి వారికి స్వయంచాలిత పదోన్నతి పథకం కొంత ఊరట. 2010 వేతన సవరణ తరువాత 6, 12, 18, 24 ఏళ్ల సేవకు దీని కింద ప్రయోజనాలు లభిస్తున్నాయి. హోదా మారకపోయినా మూలవేతనం పెరుగుతుంది, తద్వారా పింఛనూ పెరుగుతుంది.

రెండో అంశం వేతన సవరణ. సవరణను ఒక తేదీ నుంచి లెక్కకు మాత్రమే వర్తింపజేసి, మరొక తేదీ నుంచి నగదు చెల్లించడం తెలుగు రాష్ట్రాలలో ఆనవాయితీ అయింది. 2015లో ప్రకటించిన సవరణ 2013 జులై 1 నుంచి లెక్కకు, 2014 జూన్ 2 నుంచి నగదుకు వచ్చింది. దాని ఫిట్‌మెంట్ 43 శాతం. తరువాతి సవరణ రెండు రాష్ట్రాలలోనూ 2018 జులై 1 నుంచే లెక్కకు వచ్చినా, ఫిట్‌మెంట్ తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఒకే రాష్ట్రంలో ఒకే ఏడాది కొలువులో చేరి, విభజన తరువాత చెరొక రాష్ట్రంలో విరమించిన ఇద్దరు ఉపాధ్యాయుల చివరి మూలవేతనాలు వేరు కావడానికి ఈ తేడా ఒక్కటే చాలు.

6. ఒక్క రోజు, ఒక్క ఇంక్రిమెంటు

నెలాఖరున విరమించే ఉపాధ్యాయుని వార్షిక ఇంక్రిమెంటు మరుసటి రోజున, అంటే వచ్చే నెల మొదటి తేదీన రావలసి ఉందనుకుందాం. ఏడాది సేవ పూర్తయింది. కాని ఇంక్రిమెంటు తేదీ నాటికి అతడు ఉద్యోగి కాడు. ఆ ఇంక్రిమెంటు చివరి వేతనంలో కలవాలా? పై ఉదాహరణలో అది 2,000 రూపాయలైతే పింఛనులో తేడా నెలకు 1,000 రూపాయలు.

ఈ ప్రశ్నపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2005 నాటి తీర్పులో ఉద్యోగులకు ప్రతికూలమైన వైఖరి తీసుకుంది. ఇంక్రిమెంటు వచ్చే రోజున సేవలో ఉండాలన్నది దాని తర్కం. మద్రాసు హైకోర్టు 2017లో ఇందుకు భిన్నంగా, ఏడాది సేవ పూర్తి చేయడంతోనే ఇంక్రిమెంటు ఆర్జించినట్లని భావించింది. కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ దాఖలు చేసిన అప్పీలులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 11న ఉద్యోగుల పక్షాన తీర్పునిస్తూ, ఆంధ్రప్రదేశ్ ఫుల్ బెంచ్ అభిప్రాయంతో విభేదించింది. ఇంక్రిమెంటు గడచిన ఏడాది సత్ప్రవర్తనతో చేసిన సేవకు ప్రతిఫలమే గాని, రాబోయే రోజుకు ముందస్తు చెల్లింపు కాదన్నది ఈ తీర్పు సారం. పింఛను గత సేవకు ప్రతిఫలమన్న నకారా వాదనకు ఇది కొనసాగింపు.

7. 2004: తెగిన బంధం

పై వివాదాలన్నీ చివరి జీతం ఎంత అన్నదాని గురించి. 2004లో వచ్చిన మార్పు చివరి జీతానికే ప్రాముఖ్యం లేకుండా చేసింది. కేంద్రం 2004 జనవరి 1 నుంచి నూతన పింఛను విధానాన్ని, ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 1 నుంచి కాంట్రిబ్యూటరీ పింఛను పథకాన్ని అమలు చేశాయి. ఆ తేదీ తరువాత నియమితులైన ఉపాధ్యాయుల మూలవేతనం, కరువు భత్యాల నుంచి 10 శాతం మినహాయించి, ప్రభుత్వం అంతే మొత్తాన్ని జత చేస్తుంది. నిధి మార్కెట్టులో పెరుగుతుంది. విరమణ నాడు అందులో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. ఆ యాన్యుటీయే నెలసరి పింఛను.

రెండు విధానాల మధ్య తేడా ఒక లెక్కతో స్పష్టమవుతుంది. విరమణకు రెండేళ్ల ముందు ఒక ఉపాధ్యాయిని ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి పొంది, మూలవేతనంలో 8,000 రూపాయల పెరుగుదల పొందారనుకుందాం. పాత విధానంలో పూర్తి సేవ ఉంటే ఆమె పింఛను జీవితాంతం నెలకు 4,000 రూపాయలు పెరుగుతుంది. కొత్త విధానంలో ఆ పెరుగుదలపై ఇరుపక్షాల చందా నెలకు 1,600 రూపాయలు. కరువు భత్యం, రాబడి పక్కనపెడితే 24 నెలలకు 38,400 రూపాయలు మాత్రమే నిధిలో చేరుతుంది. పాత విధానంలో పది నెలల్లో అందే పెరుగుదల కన్నా ఇది తక్కువ. ఆ విధంగా కొత్త పథకం మళ్లీ పాత భవిష్యనిధి తర్కానికి చేరువైంది. తొలి ఏళ్ల చిన్న జీతాలకు ఎక్కువ కాలం రాబడి, చివరి ఏళ్ల పెద్ద జీతాలకు తక్కువ కాలం రాబడి.

ఇక్కడా తేదీ సమస్య వెంటాడింది. 2003 డీఎస్సీ ప్రకటన ద్వారా ఎంపికై, నియామకం ఆలస్యం కావడంతో 2004 సెప్టెంబరు 1 తరువాత విధుల్లో చేరిన ఉపాధ్యాయులు కొత్త పథకంలోకి వెళ్లారు. ప్రకటన తేదీని ప్రమాణంగా తీసుకోవాలన్నది వారి దీర్ఘకాలిక కోరిక. 1983లో చివరి రోజు ఎంత నిర్ణాయకమో, 2004లో మొదటి రోజు అంత నిర్ణాయకమైంది.

ఉద్యోగుల ఆందోళనల నేపథ్యంలో ప్రభుత్వాలు మధ్యేమార్గాలను అన్వేషించాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో ఆమోదించిన గ్యారంటీడ్ పింఛను చట్టం చివరి మూలవేతనంలో 50 శాతానికి హామీని ప్రతిపాదించింది. కేంద్రం 2024 ఆగస్టు 24న ఆమోదించి, 2025 ఏప్రిల్ 1 నుంచి అమలుకు తెచ్చిన ఏకీకృత పింఛను పథకం 25 ఏళ్ల సేవకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతం హామీ ఇస్తుంది. చందా కొనసాగుతుంది, కాని చివరి జీతం మళ్లీ కొలమానమైంది. సగటు కాలం 36 నెలల నుంచి 10కి, చివరి నెలకు వచ్చి, మళ్లీ 12 నెలలకు చేరడం ఈ చరిత్రలో ఒక వలయం.

8. చివరి జీత పద్ధతి గుణదోషాలు

ఈ పద్ధతి ప్రధాన గుణం ఉపాధ్యాయుని వృత్తి జీవితంలో పెరిగిన ధరల నుంచి రక్షణ. ముప్పై ఏళ్ల కిందటి జీతం విలువ ఎంత పడిపోయినా పింఛను విరమణ నాటి జీవన ప్రమాణానికి అనుసంధానమై ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన పదోన్నతికి సైతం పూర్తి విలువ దక్కుతుంది. మార్కెట్టు నష్టభయం ప్రభుత్వంపై ఉంటుంది.

దోషాలనూ గుర్తించాలి. ఒకే సేవాకాలం ఉన్న ఇద్దరిలో చివర్లో పదోన్నతి పొందినవారికీ, పొందనివారికీ మధ్య తేడా వారి మొత్తం సేవలోని తేడా కన్నా ఎక్కువగా ప్రతిఫలిస్తుంది. పిల్లల పెంపకం వంటి కారణాలతో సేవలో విరామాలు వచ్చిన ఉపాధ్యాయినులకు కాలమూ వేతనమూ రెండూ తగ్గుతాయి. ప్రతి వేతన సవరణా భవిష్యత్తు పింఛను భారాన్ని పెంచుతుంది. పాత విధానానికి తిరిగి వెళ్లాలన్న కొన్ని రాష్ట్రాల నిర్ణయాలపై రిజర్వు బ్యాంకు తన రాష్ట్రాల ఆర్థిక నివేదికలలో హెచ్చరించడానికి ఇదే కారణం. ఈ వాదనను తోసిపుచ్చలేము. కాని భారం ప్రభుత్వం నుంచి తొలగినంత మాత్రాన అది మాయం కాదు. అది ఉపాధ్యాయుని వృద్ధాప్యంలోకి బదిలీ అవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను నిర్ధారిస్తుంది. మొదటిది, చివరి జీతం సహజసిద్ధమైన అంకె కాదు. సగటు కాలం, మూలవేతన నిర్వచనం, విరమణ వయస్సు, సవరణ అమలు తేదీ, ఇంక్రిమెంటు తేదీ అనే పాలనా నిర్ణయాల కూడలిలో అది ఏర్పడుతుంది. రెండవది, న్యాయస్థానాలు జోక్యం చేసుకున్న ముఖ్య సందర్భాలలో కేంద్రబిందువు పింఛను శాతం కాదు, తేదీ గీతే. నకారా, ప్రభాకరరావు కేసులు, 2023 నాటి ఇంక్రిమెంటు తీర్పు ఇందుకు నిదర్శనాలు. మూడవది, 2004 తరువాతి పథకం ఈ వివాదాలను పరిష్కరించలేదు. చివరి జీతాన్ని లెక్క నుంచే తొలగించి వాటిని దాటవేసింది. అందుకే ఇరవై ఏళ్లకు అదే కొలమానం హామీ రూపంలో తిరిగి వచ్చింది.

చివరి జీతంలో సగం అనే ప్రమాణాన్ని నిలబెట్టాలా, సగటును స్వీకరించాలా అన్న చర్చ ఇంకా సాగుతుంది. ఏ మార్గం ఎంచుకున్నా, ఒకే తరగతి గదిలో ఒకే సేవ చేసిన ఇద్దరిని ఒక తేదీ శాశ్వతంగా వేరు చేయకుండా చూడడమే ఆ చర్చకు గీటురాయి కావాలి.